హెచ్‌ఆర్ అంటే హాజరుపట్టీ, కేంటీన్ బిల్లేనా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది గాజువాక ఆటోనగర్ దగ్గర ఫ్యాబ్రికేషన్ కంపెనీ. ప్రెషర్ వెసల్స్, పైపింగ్ పనులు చేస్తాం, ఈమధ్య ఓడల పనికి సంబంధించిన స్ట్రక్చర్లు కూడా మొదలుపెట్టాం. పర్మినెంటు వాళ్లు 180 మంది, కాంట్రాక్టు మీద మరో 140 మంది ఉంటారు. నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఎంబీఏ చేసి, మధురవాడలో ఓ ఐటీ కంపెనీలో ఆరేళ్లు పనిచేసి, రెండేళ్ల కిందట ఇక్కడ హెచ్‌ఆర్ మేనేజర్‌గా చేరాను. సంస్థ వ్యూహంలో హెచ్‌ఆర్ పాత్ర ఎలా ఉండాలో చెబుతూ మొన్న 42 స్లైడ్ల ప్రెజెంటేషన్ ఇచ్చాను. ఎండీ గారు పది స్లైడ్లు చూసి, "బాగుందమ్మా, ముందు ఆ కేంటీన్ బిల్లు ఎందుకు పెరిగిందో చూడు" అన్నారు. అందరూ నవ్వారు. ఆ తర్వాత నెలలోనే పెద్ద ఆర్డరు ఒకటి ఒప్పుకున్నారు. మూడు నెలల్లో 25 మంది వెల్డర్లు కావాలని నాకు చెప్పింది మాత్రం సంతకాలైన పది రోజులకి. వర్క్స్ మేనేజర్ గారైతే నన్ను పలకరించేది ఎవరికో మెమో ఇవ్వాల్సి వచ్చినప్పుడే. ఎండీ గారి అబ్బాయి కొత్తగా వచ్చి, హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ కొందామంటున్నాడు. హైదరాబాద్‌లో ఓ కార్పొరేట్ కంపెనీ నుంచి నాకు ఆఫర్ వచ్చింది. ఇక్కడే ఉండి ఏమైనా మార్చగలనా, వెళ్లిపోవడం మంచిదా?
— ఓ పాఠకురాలు, కూర్మన్నపాలెం

సమాధానం: మిమ్మల్ని బాధపెట్టింది కేంటీన్ బిల్లు మాట. నా చూపు నిలిచిపోయింది మాత్రం, సంతకాలైన పది రోజులకి కబురొచ్చిందన్న దగ్గర. మీ 42 స్లైడ్లలో వ్యూహం అన్న మాట ఎన్నిసార్లు ఉందో గానీ, మీ కంపెనీలో వ్యూహం జరిగింది ఆ పది రోజుల ముందు. ఇన్ని టన్నుల పని, ఈ తేదీకి, ఈ రేటుకి అని ఎండీ గారు ఒప్పుకున్నారు. ఆ మూడింటిలో ఏది నెగ్గాలన్నా వెల్డింగ్ టార్చి పట్టే మనుషులు ఉండాలి. వాళ్లున్నారా లేరా అని అడగాల్సిన మనిషిని ఆ గదిలోకి ఎవరూ పిలవలేదు. మీరు పట్టుకోవాల్సిన కొస అదే. మిగిలిన అవమానాలన్నీ ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

ఎండీ గారి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. అరవై దాటిన ఆయన తరానికి విశాఖలో పర్సనల్ డిపార్ట్‌మెంట్ అంటే ఏమిటో ఒక బొమ్మ ఉంది. షిప్‌యార్డ్, బీహెచ్‌పీవీ, స్టీల్ ప్లాంట్ లాంటి పెద్ద పబ్లిక్ సెక్టార్ సంస్థల నీడలో పెరిగిన ఊరు ఇది. అక్కడ పర్సనల్ వాళ్లంటే క్వార్టర్ల అలాట్‌మెంటు, ఎల్‌టీసీ బిల్లులు, యూనియన్‌తో చర్చలు, చార్జిషీట్లు. దానికి ముందు చరిత్రా అంతే. 1931లో కార్మికుల పరిస్థితి చూడ్డానికి వేసిన రాయల్ కమిషన్ ఫ్యాక్టరీల్లో లేబర్ ఆఫీసర్లు ఉండాలని చెప్పింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 500 మంది, అంతకు పైన ఉన్న చోట వెల్ఫేర్ ఆఫీసర్‌ని తప్పనిసరి చేసింది. అంటే మన దేశంలో ఈ ఉద్యోగం చట్టం కోసం, సంక్షేమం కోసం పుట్టింది. వ్యాపారంలో దానికీ ఒక చెయ్యి ఉండాలన్న ఆలోచన ఆ తర్వాతది. 1975 ప్రాంతంలో మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్లు ఉదయ్ పరీక్, టి.వి. రావు ఎల్ అండ్ టీలో మానవ వనరుల అభివృద్ధికి ప్రత్యేక విభాగాన్ని రూపొందించాక గానీ దానికి మన దేశంలో ఒక ఆకారం రాలేదు. కాబట్టి ఎండీ గారిది చిన్నచూపు కావచ్చు గానీ, దాని వెనక పాత అలవాటే ఎక్కువ. మీరు ఆరేళ్లు చూసిన ఐటీ కంపెనీ బొమ్మ ఆయనకి లేదు, ఆయన చూసిన షాప్ ఫ్లోర్ బొమ్మ మీకు లేదు. రెండేళ్లలో మీరు ఎన్నిసార్లు షెడ్డులో పని జరిగే బే లోకి వెళ్లి గంటసేపు నిలబడ్డారో మీ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు.

అక్కడి నుంచే మొదలుపెట్టండి. మీకు కావాల్సింది ఒక్క కాగితం. ఎడమ పక్కన మనిషి పేరు, పర్మినెంటా కాంట్రాక్టా, వయసు, ఊరు. కుడి పక్కన అతను ఏ పని చేయగలడు: ఆర్గాన్ వెల్డింగా, మామూలు ఆర్క్ వెల్డింగా, ఏటవాలుగా బిగించిన పైపు మీద పెట్టే 6జీ టెస్టు పాసయ్యాడా, ఏ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ సాక్షిగా, ఎప్పుడు. మీ పనికి ఎక్కువగా వాడే ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం) కోడ్ తొమ్మిదో సెక్షన్ ప్రకారం ఒక వెల్డర్ ఒక ప్రాసెస్‌ని ఆరు నెలలు వాడకపోతే అందులో అతని అర్హత చెల్లదు, మళ్లీ టెస్టు పెట్టాలి. క్వాలిటీ వాళ్ల దగ్గర ఈ రికార్డు ఉంటుంది, జీతాల రికార్డు మీ దగ్గర ఉంటుంది. ఈ రెండూ ఒకే టేబుల్ మీదకి వచ్చిన కంపెనీలు తక్కువ. కలిపి చూస్తే, పుస్తకంలో 60 మంది వెల్డర్లు కనిపించే చోట రేపు పొద్దున్నే ఆర్గాన్ పట్టించగలిగేవాళ్లు ఎంతమందో తేలుతుంది. ఆ సంఖ్య చూసి మీరే ఉలిక్కిపడొచ్చు.

వయసు కాలమ్‌ని తేలిగ్గా వదలొద్దు. ప్లేటు బెండింగ్ మెషీన్ మీద పనిచేసే పెద్దాయనకి 57 ఏళ్లు ఉండి, ఆయన పక్కన నేర్చుకుంటున్నవాడు ఎవడూ లేడనుకోండి. ఆ ఒక్క మనిషి రిటైరైన రోజున మీ కంపెనీ ఒక రకం పని చేయడం మానేస్తుంది. ఏ బోర్డు మీటింగులోనూ తీర్మానం కాకుండానే అది జరిగిపోతుంది. ఇలాంటివాళ్లు మీ దగ్గర నలుగురైదుగురు తప్పక ఉంటారు. వాళ్లెవరో వర్క్స్ మేనేజర్ కంప్యూటర్‌లో దొరకదు, ఫోర్‌మన్లని అడగాలి. "ఆ ముసిలోడు రాకపోతే ఏటవుద్ది?" అని అడిగి చూడండి, చిట్టా మొత్తం చెప్పేస్తారు.

ఇంకో కాగితం క్యాలెండర్. గత మూడేళ్ల హాజరుపట్టీ తీసి, ఏ వారంలో ఎంతమంది రాలేదో గీత గీయండి. మన దగ్గర ఆ గీతకి ఒక కథ ఉంటుంది. సంక్రాంతికి సెలవు నాలుగు రోజులైతే శ్రీకాకుళం వైపు వాళ్లు పది రోజులకి గానీ తిరిగి రారు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఆ వారం మీ విజయనగరం బ్యాచ్ ఉండదు. కొత్త అమావాస్యకి అనకాపల్లి నూకాలమ్మ జాతర మొదలు. వర్షాలు పడితే ఉభాలు, అంటే వరి నాట్లు. ఒడిశా వాళ్లకి జూన్ మధ్యలో రజ పండగ, బీహార్ వాళ్లకి దీపావళి అయిన ఆరో రోజు ఛఠ్. ఇది మన మనుషుల ఏడాది, దీన్ని క్రమశిక్షణా రాహిత్యం అని మెమోలు ఇచ్చి లాభం లేదు. కానీ డెలివరీ తేదీ జనవరి 25 అని రాసిన ఆర్డరు మీద సంతకం పెట్టేముందు ఈ గీత ఎండీ గారి ముందు ఉంటే, ఆయన ఫిబ్రవరి 10 అని అడిగేవారు. కస్టమర్ చాలాసార్లు ఇచ్చేవాడు కూడా. ఒక్క కాగితం వల్ల తేదీ మారింది చూడండి, దాన్నే పుస్తకాల్లో వ్యూహాత్మక పాత్ర అంటారు.

ఇప్పుడు డబ్బు మాట్లాడాలి. యజమానికి అర్థమయ్యే భాష అదే, అందులో తప్పేమీ లేదు. ఉదాహరణకి మీ ఆర్డరు విలువ 4 కోట్లు అనుకుందాం. ఇలాంటి కాంట్రాక్టుల్లో ఆలస్యానికి వారానికి అర శాతం చొప్పున కోత పెట్టడం మామూలు. అంటే వారానికి 2 లక్షలు. మనుషులు దొరక్క నాలుగు వారాలు ఆలస్యమైతే 8 లక్షలు. అదే 25 మంది మంచి వెల్డర్లకి నెలకి 2,500 రూపాయలు పెంచితే ఏడాదికి ఏడున్నర లక్షలు. ఒక పక్క నాలుగు వారాల ఆలస్యం, ఇంకో పక్క ఏడాది పొడుగునా మనుషులు నిలబడటం, ఖర్చు ఇంచుమించు ఒకటే. ఇందులో రేడియోగ్రఫీలో (ఎక్స్‌రే లాంటి పరీక్షలో) ఫెయిలైన జాయింట్లు కోసి మళ్లీ వేసే ఖర్చు కలపలేదు, కొత్తవాళ్లకి టెస్టు ముక్కల ఖర్చు కలపలేదు, కస్టమర్ మళ్లీ ఎంక్వయిరీ పంపకపోవడమూ కలపలేదు. మీ కంపెనీ అసలు అంకెలు వేరుగా ఉంటాయి. వాటిని అకౌంట్స్ వాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల చేతే వేయించండి. మీరు వేసిన లెక్క మీద ఎండీ గారికి అనుమానం రావచ్చు, ఆయన సొంత అకౌంటెంట్ వేసిన లెక్క మీద రాదు.

జీతం పెంచేటప్పుడు ఒక చిక్కు చూసుకోండి, చాలామంది హెచ్‌ఆర్ వాళ్లు దీన్ని గమనించరు. ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమాకి జీతం పరిమితి 2017 నుంచి నెలకి 21,000. జీతం 20,000 ఉన్న మనిషికి 22,500 చేస్తే, ఆ కంట్రిబ్యూషన్ పీరియడ్ (చందా గడువు) ముగిశాక అతను ఈఎస్ఐ నుంచి బయటికి వస్తాడు. చేతికి రెండున్నర వేలు ఎక్కువ వచ్చాయి గానీ, ఇంట్లో అమ్మకి ఆపరేషన్ వస్తే మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రి తలుపు మూసుకుపోతుంది. ఆ పెంపుతో పాటు గ్రూప్ మెడికల్ పాలసీ తీసుకోకపోతే, మీరు ఇచ్చిన పెంపే తిట్లు తెచ్చిపెడుతుంది.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్లు అమల్లోకి వచ్చాయి. వీటిని మీ కన్సల్టెంట్ పని అని వదిలేశారంటే మంచి అవకాశం పోగొట్టుకున్నట్టే. బేసిక్ తగ్గించి అలవెన్సులు ఉబ్బించే పాత అలవాటుకి ఇక చోటు తక్కువ. వేతనం లెక్కలోంచి మినహాయించే అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగం వేతనంలోకే వస్తుంది, గ్రాట్యుటీ లాంటివి దాని మీదే లెక్కేయాలి. ఫిక్స్‌డ్ టర్మ్ మీద తీసుకున్నవాళ్లకి ఏడాదికే గ్రాట్యుటీ హక్కు వస్తుంది. మానేసినవాడికి రెండు పనిదినాల్లో వేతన బకాయిలు ఇవ్వాలి. కేంటీన్ 250 మంది ఉంటేనే అన్నది పాత లెక్క, కొత్త కోడ్‌లో అది 100. వెల్ఫేర్ ఆఫీసర్‌కి పాత లెక్క 500, కొత్తది 250. మీరు 320 మంది. రాష్ట్ర నియమాలు ఏ దశలో ఉన్నాయో కన్సల్టెంట్‌ని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. ఆపైన ముఖ్యమైన పని మీది: రెండేళ్ల పాటు ఒకే రేటుకి ఒప్పుకున్న ఆర్డర్లలో మనుషుల ఖర్చు దీనివల్ల ఎంత పెరుగుతుందో లెక్కకట్టి, తర్వాతి కొటేషన్ వేసేముందు ఎస్టిమేషన్ వాళ్లకి ఇవ్వాలి. పాత రేటుతో టెండరు వేసి గెలిచి, తర్వాత ఏడ్చిన కంపెనీలు ఈ ఊళ్లో చాలానే ఉన్నాయి.

కేంటీన్ బిల్లు సంగతికొస్తాను. అందరూ నవ్వారు సరే, బిల్లు ఎందుకు పెరిగిందో మీరు చూశారా? చూసి ఉంటే రాసేవారు. రోజుకి ఎన్ని ప్లేట్లు లేచాయో, హాజరుపట్టీలో ఎంతమంది ఉన్నారో పక్కపక్కన పెట్టండి. ప్లేట్లు ఎక్కువుంటే కాంట్రాక్టర్ మనుషుల్ని రాయకుండా తిప్పుతున్నాడేమో, అదే నిజమైతే వాళ్లకి పీఎఫ్ లేదు, ఇన్‌డక్షన్ (చేరగానే ఇచ్చే భద్రతా శిక్షణ) లేదు, ఏదైనా జరిగితే మీ కంపెనీ మెడకే. రాత్రి భోజనాలు పెరిగి ఉంటే ఓవర్‌టైమ్ అదుపు తప్పింది, అంటే మనుషులు చాలడం లేదన్నమాట. ప్లేట్లు తగ్గి బిల్లు పెరిగితే కేటరింగ్ వాడితో మాట్లాడాల్సిన పని, దానికి మీరక్కర్లేదు. ఎండీ గారు వెటకారంగా అన్నారో మామూలుగా అన్నారో నాకు తెలీదు గానీ, ఆయన అడిగిన ప్రశ్న మాత్రం మంచిదే. ఆ జవాబుతో వెళ్లిన మనిషి మాట తర్వాతిసారి పదకొండో స్లైడు దాకా వింటారు.

మనుషులు ఎందుకు వెళ్లిపోతున్నారన్నది కూడా ఇలాగే వెతకాలి. గేటు దగ్గర ఎగ్జిట్ ఫారం పట్టుకుని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. "ఇంటికాడ పనుందండి" అని రాసి సంతకం పెట్టి పోతారు, ఫైనల్ సెటిల్‌మెంట్ చేతికి రావాలి కదా. మానేసిన మూడు నెలలకి ఫోన్ చేయండి, డబ్బు అందాక నోరు విప్పుతారు. అంతకన్నా మంచి పని, మానకుండా ఉన్నవాళ్లని అడగడం: వేరే షెడ్డులో రెండు వేలు ఎక్కువిస్తామన్నా నువ్వెందుకు వెళ్లలేదు అని. జీతం ఒక్కటే కారణమని యజమానులు అనుకుంటారు. జీతం కారణమే, కాదనను. కానీ ఓవర్‌టైమ్ డబ్బు మూడు నెలలకి గానీ రాకపోవడం, సెకండ్ షిఫ్ట్ అయ్యాక పెందుర్తి వైపు బస్సు లేకపోవడం, ఒక ఫోర్‌మన్ నోటి దురుసు, మే నెలలో షెడ్డులో ఫ్యాను లేకపోవడం, ఇవన్నీ కలిసే మనిషిని గేటు దాటిస్తాయి. వీటిలో రెండింటికి అసలు డబ్బే అక్కర్లేదు.

ఫోర్‌మన్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మీలాంటి కంపెనీలో హెచ్‌ఆర్ వేలు పెట్టాల్సిన అతి పెద్ద నిర్ణయం అదే, సాధారణంగా హెచ్‌ఆర్‌కి చెప్పకుండా జరిగేదీ అదే. బాగా వెల్డింగ్ చేసేవాడిని ఫోర్‌మన్ చేస్తారు. అతనికి మనుషుల చేత పని చేయించడం రాదు, చేతిలో టార్చి లేక చిరాకు. కంపెనీకి మంచి వెల్డర్ పోయాడు, మంచి ఫోర్‌మన్ రాలేదు. రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది వ్యవహారం. దీనికి మందు రెండు దారులు వేయడం: చెయ్యి బాగున్నవాడు వెల్డర్‌గానే పైకి వెళ్లి ఫోర్‌మన్‌తో సమానంగా జీతం తీసుకునే దారి ఒకటి, మనుషుల్ని నడపగలిగేవాడు సూపర్‌వైజర్ అయ్యే దారి ఇంకొకటి. నేను పనిచేసిన చోట దీన్ని పెట్టినప్పుడు వచ్చిన గొడవ అంతా జీతం మీద కాదు, కుర్చీ మీద. సీనియర్ వెల్డర్‌కి షెడ్డులో ఒక టేబుల్, ఒక లాకర్ ఇచ్చాక సద్దుమణిగింది. మనుషులు ఇలాంటివి కూడా లెక్కపెడతారు.

ఇక 25 మంది వెల్డర్లు ఎక్కడి నుంచి వస్తారు? మూడు నెలల్లో 25 మందిని మార్కెట్లో కొనడమే దారి, తప్పదు. కాంట్రాక్టర్లని పిలవండి, టెస్టు పెట్టండి, తీసుకోండి. కానీ ఆ మార్కెట్ ఏమవుతోందో చూడండి. హిందుస్థాన్ షిప్‌యార్డ్‌కి 2023 ఆగస్టులో నౌకాదళం కోసం అయిదు ఫ్లీట్ సపోర్ట్ షిప్పుల కాంట్రాక్టు వచ్చింది, విలువ సుమారు 19,000 కోట్లు. అనకాపల్లి జిల్లాలో పూడిమడక దగ్గర గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. పరవాడ, అచ్యుతాపురం ఫార్మా యూనిట్లలో స్టెయిన్‌లెస్ పైపు పని ఎప్పుడూ ఉంటుంది. గల్ఫ్ ఎలాగూ ఉంది. ఇన్నేళ్లు ఆటోనగర్ షెడ్లు పెద్ద సంస్థల్లో పని నేర్చి బయటికొచ్చినవాళ్ల మీద బతికాయి. వాళ్ల వయసు అయిపోతోంది. మీ కంపెనీ వచ్చే అయిదేళ్లలో మనుషుల్ని కొంటుందా, తయారుచేసుకుంటుందా అన్నదే మీరు ఎండీ గారితో తేల్చుకోవాల్సిన అసలు ప్రశ్న.

తయారుచేసుకోవడానికి దారి కంచరపాలెంలోనే ఉంది. అక్కడి ప్రభుత్వ ఐటీఐ నుంచి ఏటా పిల్లలు బయటికొస్తారు. వెల్డర్ ట్రేడ్ ఏడాది, ఫిట్టర్ రెండేళ్లు. అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, అంతకు పైన ఉన్న సంస్థ కాంట్రాక్టు వాళ్లతో కలిపి మొత్తం సంఖ్యలో రెండున్నర శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకోవాలి. మీ 320 మందికి కనీసం 8 మంది, గరిష్ఠం 48 మంది. కేంద్ర అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో పావు వంతు, నెలకి 1,500 దాటకుండా, ప్రభుత్వం భరిస్తుంది. చాలా కంపెనీలు ఆ ఎనిమిది మందిని చట్టం కోసం తీసుకుని స్టోర్‌లో టీలు తెప్పిస్తాయి. మీరు ఇరవై మందిని తీసుకుని, పైన చెప్పిన రిటైర్ కాబోయే పెద్దాయనల పక్కన కూర్చోబెట్టండి. నేర్పినందుకు పెద్దాయనకి నెలకి కొంత అలవెన్సు ఇవ్వండి. లేకపోతే నేర్పడు, నేర్పితే తన విలువ పోతుందని భయం.

నేర్చుకున్న పిల్లలు రెండేళ్లకి గల్ఫ్ పోతారు కదా అంటారు వర్క్స్ మేనేజర్. పోతారు. అందరూ పోరు. ఆపడానికి కొన్ని కంపెనీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెడతాయి. అది అన్యాయం, పైగా పనికిరాదు. సర్టిఫికెట్ బీరువాలో ఉన్న కుర్రాడు మనసు ఎప్పుడో గేటు బయట ఉంటుంది, ఆ మాట వాళ్ల ఊళ్లో పదిమందికి చెబుతాడు. మీ హెచ్‌ఆర్ బీరువాలో అలాంటివి ఉంటే ముందు తిరిగి ఇచ్చేయండి. పైవాళ్ల అనుమతి అడగాల్సి వస్తే అడగండి, కానీ ఆ పని ఆగకూడదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. వ్యూహం, ఎండీ గారి గది, కొటేషన్లు అంటూ మీరు పై అంతస్తుకే అలవాటుపడితే, మీకు బలం ఇచ్చే సమాచారం ఆగిపోతుంది. ఎవడు మానేస్తాడో, ఏ కాంట్రాక్టర్ జీతం కోస్తున్నాడో, ఏ చైన్ బ్లాక్ కొక్కెం అరిగిందో చెప్పేది కింద ఉన్నవాళ్లు. మీరు యజమాని మనిషి అని ముద్ర పడిన రోజున "ఏటీ లేదు మేడమ్, అంతా బాగుంది" తప్ప ఇంకో జవాబు రాదు. అచ్యుతాపురం, పరవాడల్లో ఈ కొన్నేళ్లలో జరిగిన ప్రమాదాలు మీకు తెలుసు. నిన్న చేరిన కాంట్రాక్టు కుర్రాడిని ఇన్‌డక్షన్ లేకుండా ఈరోజు వెసల్ లోపలికి దింపకూడదని అడ్డుపడే అధికారం మీకు రాతపూర్వకంగా ఉందా? లేకపోతే ఎండీ గారి దగ్గర మీరు అడగాల్సిన మొదటి అధికారం అది, ప్రెజెంటేషన్ల కన్నా ముందు. జీతం ఏడో తేదీ దాటకుండా పడటం, పీఎఫ్ నంబర్లలో పేరు తప్పులు లేకుండా చూడటం కూడా ఆ నమ్మకంలో భాగమే. ఇవి చిన్న పనులని మీకు అనిపిస్తున్నట్టుంది ఉత్తరం చదివితే. పీఎఫ్ తప్పుగా ఉన్నవాడు మీ శిక్షణ కార్యక్రమం గురించి ఎందుకు వింటాడు?

సాఫ్ట్‌వేర్ గురించి: ఇప్పుడే వద్దనండి. పైన చెప్పిన రెండు కాగితాలు చేత్తో తయారయ్యాక, వాటిలో అంకెలు నిజమని ఫోర్‌మన్లు ఒప్పుకున్నాక కొనండి. ఆ అబ్బాయిని మాత్రం దూరం చేసుకోవద్దు. ఆ కాగితాలు తయారుచేసే పనిలో అతన్ని కూర్చోబెట్టుకోండి. రేపు కంపెనీ నడపాల్సింది అతనే, మనుషుల లెక్క అతని చేత్తో వేయడం అతనికీ మంచిది.

వర్క్స్ మేనేజర్‌తో గొడవ పెట్టుకోకండి. ఆయనకి తేదీల ఒత్తిడి, మీరు ఆయనకి ఇంతవరకు ఇచ్చింది ఫారాలే. వెల్డర్ల కాగితం తయారవగానే మొదట ఆయనకే చూపించండి, ఎండీ గారికి ఆయనతో కలిసే తీసుకెళ్లండి. పేరు కొంత ఆయనకి పోతుంది. పోనివ్వండి.

ఎండీ గారిని మీటింగులో కుర్చీ అడగొద్దు. అడిగేది ఒక్కటే: "సార్, ఎంక్వయిరీ వచ్చిన రోజే నాకో కాపీ ఇప్పించండి. రెండు రోజుల్లో మనుషుల సంగతి ఒక పేజీలో రాసిస్తాను." ఆ పేజీలో చాలరు అని రాసి ఊరుకోవద్దు. ఎంతమంది ఉన్నారు, ఎంతమంది కావాలి, తేదీ రెండు వారాలు జరిగితే ఏమవుతుంది, సగం పని బయటి షెడ్డుకి ఇస్తే ఎంత, నైట్ షిఫ్ట్ పెడితే బస్సు ఖర్చుతో సహా ఎంత, ఇవి రాయండి. నిర్ణయం ఆయనది. మీరు వద్దన్నా ఆర్డరు తీసుకుంటే, నేను ముందే చెప్పాను అనకుండా మనుషుల్ని వెతికి పెట్టండి. మూడు ఎంక్వయిరీలకి అంకెలు సరిగ్గా వస్తే, నాలుగోది మీరు అడక్కుండానే మీ టేబుల్ మీదకి వస్తుంది. రాకపోతే, అప్పుడు ఈ కంపెనీ గురించి వేరేగా ఆలోచించాల్సిందే.

హైదరాబాద్ ఆఫర్ సంగతి. కార్పొరేట్ అన్న మాట చూసి వెళ్లకండి, ఇక్కడి కోపంతో అసలే వెళ్లకండి. పెద్ద కంపెనీల్లో హెచ్‌ఆర్ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. మీకిచ్చేది ఒక విభాగానికి రిక్రూట్‌మెంట్ అయితే, అక్కడ అయిదేళ్లలో నేర్చేది మీరు ఇక్కడ వచ్చే ఒక్క ఏడాదిలో నేర్చేదానికన్నా తక్కువ కావచ్చు. జీతం తేడా చాలా ఎక్కువై, ఇంటికి అది అవసరమైతే, నా వ్యూహాల మాట పక్కన పెట్టి వెళ్లండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. నిర్ణయించేముందు వాళ్లని కొన్ని అడగండి: హెచ్‌ఆర్ హెడ్ ఎవరికి రిపోర్ట్ చేస్తారు, సీఈఓకా, ఫైనాన్స్ వాళ్లకా? మేనేజర్లలో లోపలి నుంచి పైకొచ్చినవాళ్లు ఎంతమంది? కొత్త ప్రాజెక్టు ఒప్పుకునేముందు మనుషుల లెక్క ఎవరు వేస్తారు? మీకంటే ముందు ఆ సీట్లో ఉన్నవాళ్లు ఎందుకు మానేశారో కూడా కనుక్కోండి. ఇంటర్వ్యూ చేసినవాళ్లు చెప్పింది విని ఊరుకోకుండా, మానేసిన మనిషి నంబరు సంపాదించి ఒక్కసారి ఫోన్ చేయండి.